పదాతి వీరుడు కర్నల్ సంతోష్ బాబు

యారాడ గ్రామమునకు మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున సముద్రము. ఆ కొండల వరుసలో కడలిలోనికి చొచ్చుకొనిపోయిన శిఖరమునకే డాల్ఫిన్స్ నోస్ అని పేరు. దాని చాటుననే విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. ఈ తీరమున నివసించువారికి యుద్ధమనగానే సముద్రము జ్ఞప్తికి వచ్చుట సహజము. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు కురిపించినవి. అవి కడలి మీదుగానే వచ్చినవి. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ రేవు వెలుపలనే మునిగిపోయినది. తూర్పు నౌకాదళమునకు కేంద్రస్థానము ఈ నగరమే. కనుక ఇచ్చటి బాలునకు వీరుడనగా తెల్లని దుస్తులు ధరించి ఓడపై నిలిచిన నావికుడే కన్నులకు కట్టును.

అయితే దేశరక్షణమున ఓడయు లేక, విమానమును లేక, తన రెండు పాదములనే నమ్ముకొని నిలిచెడి సైనికుడు మరియొకడు కలడు. అతడు పదాతి, మన పెద్దలు కాల్బలము అనిరి. అతని రణరంగము మన తీరమునకు వేయి క్రోసుల దూరమున మంచుకొండలలో నుండవచ్చును. కాని అతనిని తీర్చిదిద్దిన పాఠశాల మనకు చేరువనే కలదు. విశాఖనుండి విజయనగరము పోవు రైలు, విజయనగరమునకు ముందు కోరుకొండ అను చిన్న స్టేషనును దాటును. అచ్చటి సైనిక పాఠశాలలో చదివిన తెలుగు బిడ్డ యొకడు 2020వ సంవత్సరమున లడఖ్ పర్వతములలో నేలకొరిగి మహావీరచక్రమునకు పాత్రుడయ్యెను. ఆయనయే కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. ఆయన జీవితమును తెలిసికొనవలెనన్నచో ముందుగా పదాతి యనగా ఎవరో, అతని పని యేమో తెలిసికొనవలెను.

సైన్యమున ఫిరంగి దళము దూరమునుండి శత్రువును కొట్టును. విమానదళము ఆకసమునుండి కొట్టును. టాంకులు దారి చీల్చుకొనిపోవును. ఇవన్నియు నేలను వణికింపగలవే కాని, ఆ నేల మనదని చెప్పి దానిపై నిలువలేవు. నిలువవలసినవాడు పదాతి. భూమిని పట్టుట, పట్టిన భూమిని విడువకుండుట, ఈ రెండే అతని ధర్మములు. మిగిలినవన్నియు వీనికి అంగములు.

భూమిని పట్టుట యెట్లుండునో తెలుపుటకు తెలుగుదేశమునకు బాగుగా తెలిసిన ఉదాహరణ మొకటి కలదు. హైదరాబాదున నివసించిన ఒరియా కుటుంబమునకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999లో కార్గిల్ యుద్ధమున రెండవ రాజపుతానా రైఫిల్స్ దళములో ఒక కంపెనీకి నాయకుడు. జూన్ 28వ తేదీన, చుట్టును మందుపాతరలు నాటి, మరతుపాకులు మోహరించిన శత్రుస్థావర మొకదానిని పట్టుకొనవలసినదని ఆయనకు ఆజ్ఞ యయ్యెను. ముందు నడచిన దళమునకు నష్టము కలుగుట చూచి, వెనుకనుంచిన దళమును తానే తీసికొని గుండ్లవర్షములో ఎక్కిపోయి, శత్రువుల మరుగుగోడ దగ్గరకు ప్రాకి చేతిబాంబులు విసరిరి. కదలలేని గాయములు తగిలినపుడు తన్ను విడిచి ముందుకు పొండని సైనికులను ఆజ్ఞాపించిరి. స్థావరము చిక్కినది, ఆయన దక్కలేదు. ఆయనకును మహావీరచక్రమే లభించెను.

అది పట్టుట. పట్టిన దానిని విడువకుండుట ఇంకొక తీరు. అందులో ముందునకు దూకుట లేదు, జయఘోష లేదు. ఉన్నచోటనే ఉండవలెను. ఎదుటివాడు త్రోయుచున్నను, కొట్టుచున్నను ఉండవలెను. సంతోష్ బాబు చేసినది ఈ రెండవ పని. చూచుటకు ఇది చిన్నదిగా కనబడవచ్చును. అది చిన్నది కాదనుటకు ఆయన చరిత్రమే సాక్ష్యము.

ఆయన స్వస్థలము తెలంగాణమున హైదరాబాదునుండి విజయవాడ పోవు మార్గమందలి సూర్యాపేట. తండ్రి బ్యాంకు ఉద్యోగి. ఆయనకు చిన్ననాడు సైన్యమున చేరవలెనని కోరిక యుండెననియు, అది నెరవేరకపోవుటచే కుమారుని ఆ మార్గమున నడిపించితిననియు తర్వాత ఆయనయే చెప్పిరి. తండ్రి తీరని కోరిక కుమారునికి జీవితమగుట మన ఇండ్లలో క్రొత్త గాదు. ఒక తండ్రి కుమారుని వైద్యుని చేయగోరును. ఒకడు ఇంజనీరును చేయగోరును. ఈ తండ్రి సైనికుని చేయగోరెను. ఆ కోరిక ఫలించిన తీరునకు గర్వించినను, ఫలించినందుకు చెల్లించిన మూల్యము మాత్రము ఏ తండ్రియు కోరుకొనునది కాదు.

ఆరవ తరగతిలోనే బాలుని సూర్యాపేటనుండి కోరుకొండకు పంపిరి. పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయమున తల్లి చేతి ముద్ద విడిచి, తెలంగాణపు మెట్టనేలనుండి ఈ ఉత్తరాంధ్ర తీరమునకు వచ్చుట అనగా అది పిల్లవానికి మరియొక దేశమే. సైనిక పాఠశాలల పథకము 1961లో నాటి రక్షణమంత్రి వి. కె. కృష్ణమీనన్ కాలమున ఏర్పడినది. సామాన్య కుటుంబముల బాలురను నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశమునకు సిద్ధము చేయుట దాని ఉద్దేశము. అంతకుముందు ఆఫీసరు పదవులకు తగిన శిక్షణ ఎక్కువగా కొలది సంపన్న కుటుంబములకే అందుచుండెను. కోరుకొండ పాఠశాల 1962 జనవరి 18న ప్రారంభమైనది. విజయనగర సంస్థానాధీశులైన పి. వి. జి. రాజు గారు తమ కోటను, దాని చుట్టునున్న భూమిని ఇందులకు ఇచ్చిరి. రాజుల విడిదిగానున్న భవనములో సామాన్యుల బిడ్డలు తెల్లవారకముందే లేచి కసరత్తు చేయుట మొదలైనది. ఒక బ్యాంకు ఉద్యోగి కుమారుడు ఒక బెటాలియనుకు అధిపతి యగుటకు ఈ మార్పే దారి తీసినది.

పండ్రెండవ తరగతి వరకు అచ్చటనే చదివి సంతోష్ బాబు ఖడక్‌వాస్లా నందలి నేషనల్ డిఫెన్స్ అకాడమీలోను, పిమ్మట డెహరాడూను నందలి ఇండియన్ మిలిటరీ అకాడమీలోను శిక్షణ పొందిరి. 2004 డిసెంబరులో 16వ బీహార్ బెటాలియనున ఆఫీసరుగా నియమితులైరి.

ఇచ్చట ఒక విషయము చెప్పవలసియున్నది. మన పదాతి దళములలో అనేక రెజిమెంట్లు ప్రాంతముల పేర, జాతుల పేర ఏర్పడినవి. మన దక్షిణాదివారికి 1758లో పుట్టిన మద్రాసు రెజిమెంటు కలదు. భారత సైన్యమున మిక్కిలి పాతదగు పదాతి రెజిమెంటు అదియే. పశ్చిమగోదావరి మండలమున మాధవరము వంటి గ్రామమునుండి రెండు ప్రపంచయుద్ధములకును ఇంటింటినుండి మగవారు వెడలిరి. అందుచేతనే దానికి మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది. అయితే జవానులు ప్రాంతమునుబట్టి చేరినను, ఆఫీసరు ఏ ప్రాంతమునుండియైనను ఏ రెజిమెంటుకైనను పోవచ్చును. బీహార్ రెజిమెంటు 1941లో ఏర్పడినది. దాని కేంద్రము పట్నా చెంతనున్న దానాపూరు. అందలి జవానులలో బీహారు రైతుల బిడ్డలును, సంతాలులు, ముండాలు మొదలగు అడవి జాతుల బిడ్డలును కలరు. వారి యుద్ధఘోషలలో ఒకటి ఆంజనేయునిది, ఇంకొకటి ముండా వీరుడగు బిర్సాది. ఆ రెజిమెంటు నినాదము కర్మమే ధర్మమని.

సూర్యాపేటలో తెలుగు మాటలాడుచు పెరిగినవాడు ఇట్టివారికి నాయకుడగుటకు ఏమి చేయవలెను? వారి భాష నేర్వవలెను. వారి పండుగలలో కూర్చుండవలెను. ఇంటినుండి ఉత్తరము రాని జవాను ముఖమును గుర్తింపవలెను. పదాతి ఆఫీసరు అధికారము భుజముపైనున్న నక్షత్రములనుండి సగమే వచ్చును; మిగిలిన సగము జవానుల నమ్మకమునుండి రావలెను. ఆ నమ్మకము ఆజ్ఞచే రాదు. కలిసి నడచిన దూరముచే వచ్చును. సంతోష్ బాబు పదునైదేండ్లు పదాతి ఆఫీసరుగా నడచి, 2019 డిసెంబరులో తాను తొలుత చేరిన 16వ బీహార్ బెటాలియనుకే కమాండింగ్ ఆఫీసరైరి. బెటాలియనులో సుమారు 800 మంది సైనికులుందురు. వారి తిండి, బట్ట, ఆరోగ్యము, శిక్షణము, ప్రాణము ఈ అన్నిటికిని ఆయనయే బాధ్యుడు. అప్పటి కాయనకు నలుబదియేండ్లు నిండలేదు.

ఇక ఆ బెటాలియను నిలిచిన చోటు. లడఖ్ తూర్పుభాగమున అక్సాయ్ చిన్ ఎడారినుండి పుట్టి గాల్వాన్ అను నది పడమరకు ప్రవహించి ష్యోక్ నదిలో కలియును. ష్యోక్ పోయి సింధువులో కలియును. లడఖీ మార్గదర్శకుడగు గులాం రసూల్ గాల్వాన్ పేర ఆ నదికి పేరు కలిగినది. ఆ లోయ యెత్తు సముద్రమట్టమునకు సుమారు 14,000 అడుగులు. మన తిరుమలకొండ యెత్తునకు అది నాలుగైదు రెట్లు. అచ్చట చెట్టు లేదు. గాలిలో ప్రాణవాయువు తక్కువ. పది అడుగులు వేగముగా వేసిన మనిషి నిలిచి ఊపిరి తీసికొనవలెను. మనము వడగాలికి తట్టుకొనలేక తలుపులు మూసికొను జూన్ మాసమున అచ్చట రాత్రి నీరు గడ్డకట్టుచుండును.

అట్టి బంజరు కొరకు రెండు మహాదేశములు పెనగులాడుట ఎందులకని తోచవచ్చును. ష్యోక్ లోయ వెంట దర్బూక్ నుండి దౌలత్ బేగ్ ఓల్డీ వరకు 255 కిలోమీటర్ల రహదారిని మన ప్రభుత్వము నిర్మించినది. అది 2019లో పూర్తియైనది. కారకోరం కనుమ చెంతనున్న మన సైనికులకు ఉప్పు మొదలు గుండ్ల వరకు పోవలసిన నేలమార్గము అదియే. గాల్వాన్ ష్యోక్‌లో కలియుచోట నున్న ఎత్తులను పట్టినవాడు ఆ మార్గమును పైనుండి చూడగలడు. చూడగలవాడు అడ్డగింపను గలడు. అందుచే ఆ లోయ కేవలము రాళ్ల గుట్ట కాదు, ఇంటి వాకిలివంటిది.

ఈ వాకిలి దగ్గర తగవు క్రొత్తది కాదు. 1962 జూలైలో గూర్ఖా రైఫిల్స్ దళ మొకటి గాల్వాన్ లోయలో కాపుస్థానము నేర్పరచెను. చైనా సైన్యము దానిని చుట్టుముట్టినది. ఆ యేడు అక్టోబరు 20న యుద్ధము ప్రారంభమైన దినముననే ఆ కాపుస్థానముపై దాడి జరిగినది. యుద్ధము ముగిసిన పిమ్మట కూడ అచ్చట సరిహద్దు నిర్ణయము కాలేదు. వాస్తవాధీనరేఖ అని ఒకటి మిగిలినది. అది పటముపై ఇరుపక్షములును అంగీకరించి గీచిన గీత కాదు. ఎవరి గస్తీ ఎంతవరకు పోవుచుండెనో దానినిబట్టి ఏర్పడిన వాడుక. నీవు మా గీత దాటితివి అని వారు, మీరే దాటితిరి అని మనము అనుకొనుటకు అందులో చోటు కలదు.

అట్టి చోట ఇరుపక్షముల చేతులందును తుపాకులుండిన ఏమగును? ఒక చిన్న జవాను వ్రేలు వణకిన చాలును, రెండు అణ్వస్త్ర రాజ్యములు యుద్ధములోనికి జారవచ్చును. ఆ ప్రమాదమును తప్పించుటకే 1993లోను, 1996 నవంబరులోను ఒడంబడికలు జరిగినవి. రెండవ దాని ప్రకారము వాస్తవాధీనరేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమును తుపాకి పేల్చరాదు, మందుపాతర పేల్చరాదు. ఎదురుపడినపుడు పతాకములు చూపుట, వెనుకకు పొమ్మని కోరుట, పిమ్మట ఆఫీసర్లు కూర్చుండి మాటలాడుకొనుట ఆచారమయ్యెను. 1975 అక్టోబరులో అరుణాచలపు తులుంగ్ లా కనుమ వద్ద నలుగురు అస్సాం రైఫిల్స్ సైనికులు మరణించిన తర్వాత నలుబదియైదేండ్లు ఆ రేఖపై పోరులో ప్రాణము పోలేదు. ఈ కట్టుబాటును జాగ్రత్తగా గుర్తుంచుకొనవలెను. సంతోష్ బాబు వీరత్వమును కొలుచుటకు ఇదియే కొలబద్ద.

2020 వేసవిలో తూర్పు లడఖ్ నందు ఇరు సైన్యములును అనేక చోట్ల ఎదురెదురుగా నిలిచినవి. జూన్ 6న ఉన్నత సేనాధికారులు సమావేశమై వెనుకకు తగ్గుటకు ఒప్పుకొనిరి. ఆ ఒప్పందము అమలుజరుగవలసిన చోట్లలో గాల్వాన్ ఒకటి. కాగితముపై సంతకము చేయువారు వేరు. ఆ సంతకమును నేలపై నిజము చేయవలసినవారు వేరు. జూన్ 15వ తేదీ రాత్రి ఆ రెండవ పని 16వ బీహార్ బెటాలియనుది.

మహావీరచక్ర ప్రకటనమున ప్రభుత్వము తెలిపిన విషయమిది. ఆపరేషన్ స్నో లెపర్డ్ అను చర్యలో భాగముగా శత్రువు నెదుట ఒక పరిశీలన స్థానము నేర్పరచుటకు కర్నల్ సంతోష్ బాబుకు ఆజ్ఞ యయ్యెను. ఆయన తన జవానులకు పరిస్థితి వివరించి, పథకము వేసి, ఆ పని నెరవేర్చిరి. ఆ స్థానమును కాపాడుచుండగా శత్రుసైనికులు పెద్ద సంఖ్యలో వచ్చి, ప్రాణాంతకములగు వాడియైన ఆయుధములతోను, ప్రక్క ఎత్తులనుండి రువ్విన రాళ్లతోను దాడిచేసిరి. మనవారిని వెనుకకు నెట్టుటకు వారు చేసిన ప్రయత్నమును ఆయన ఎదిరించిరి. తీవ్రముగా గాయపడియు దళముపై తన అధీనము సడలనీయక ముందు నిలిచి నడిపించిరి. చేయి చేయి కలిసిన పోరాటమున తుది శ్వాస వరకు నిలిచి, తన జవానులు ఆ నేలను విడువకుండునట్లు వారికి ధైర్యమైరి.

ఈ వాక్యములు రాజపత్రపు వాక్యములు, వానిలో కన్నీరుండదు. కాని ఒక మాటపై మనము కొంచెము నిలువవలెను. ముందు నిలిచి నడిపించుట. బెటాలియను అధిపతి యనగా 800 మందికి తల. తల వెనుకనుండి ఆజ్ఞలీయవచ్చును; అది తప్పుగాదు. కాని తుపాకి పేల్చవలదను కట్టుబాటున్న చోట, మాటతో ఆపవలసిన చోట, అధిపతి ముఖమే ఆయుధము. ఆయన మాటకే ఎదుటివాడు విలువనీయవలెను. ఆయనను చూచియే తనవాడు కోపమును పట్టుకొనవలెను. కనుక ఆయన ముందుండవలసినదే, ఉండిరి. ముప్పదియేడవ యేట ఆ లోయలోనే ప్రాణము విడిచిరి.

మరునాడు మొదట ముగ్గురు మరణించిరని వార్త వచ్చినది: ఒక ఆఫీసరు, ఇరువురు సైనికులు. ఆ సాయంకాలమునకు ఆ సంఖ్య 20 అయ్యెను. తీవ్రముగా గాయపడి, గడ్డకట్టు చలిలో ఆ యెత్తున చిక్కుకొనిన 17 మంది కూడ మరణించిరని సైన్యము తెలిపినది. అనగా గాయమొక్కటియే వారిని చంపలేదు. ఆ చలియు, ఆ యెత్తును కూడ చేయి కలిపినవి. చైనా ప్రభుత్వము తన సైనికులలో నలుగురు మరణించిరని 2021 ఫిబ్రవరిలో వెల్లడించినది.

నాయకుని గూర్చి చెప్పినపుడు తోటివారిని మరచుట న్యాయము కాదు. ఆ రాత్రి పోరాడినవారిలో ఐదుగురికి వీరచక్రము లభించినది. ఒడిశా రాష్ట్రమునుండి వచ్చిన నాయిబ్ సుబేదార్ నుదురాం సోరెన్, తమిళనాటి హవల్దార్ కె. పళని, పంజాబునుండి వచ్చిన సిపాయి గుర్తేజ్ సింగ్, మధ్యప్రదేశమునుండి వచ్చిన నాయక్ దీపక్ సింగ్ మరణానంతరము దానిని పొందిరి. హవల్దార్ తేజీందర్ సింగ్ బ్రతికి బయటపడి పొందిరి. వీరిలో దీపక్ సింగ్ పని విశిష్టమైనది. ఆయన పోరాడుటకు గాక గాయములకు కట్టు కట్టుటకు ఆ బెటాలియనులో నియమితుడైన వైద్య సహాయకుడు. తాను గాయపడియు ముప్పదిమందికి మించిన సైనికుల ప్రాణములను ఆ రాత్రి నిలిపి, పిదప తన ప్రాణము విడిచెను. ఒక తెలుగువాని నాయకత్వమున ఒక సంతాలుడు, ఒక తమిళుడు, ఒక సిక్కు, ఒక హిందీవాడు ఒకే లోయలో ఒరిగిరి. దేశ సమైక్యమును గూర్చి సభలలో పలుకు మాటలకు అర్థ మేమని యెవరైన అడిగినచో ఈ పేరులు వరుసగా చదివిన చాలును.

అప్పుడు దేశమంతట ఒక ప్రశ్న లేచినది. మన సైనికులను వట్టి చేతులతో ఎందుకు పంపిరి? చేతిలో ఆయుధమున్నచో ఎందుకు పేల్చలేదు? బిడ్డలను పోగొట్టుకొనిన దేశము ఆ ప్రశ్న వేయుట తప్పుకాదు. విదేశాంగమంత్రి ఎస్. జైశంకర్ జూన్ 18న దానికి ఉత్తరమిచ్చిరి. కాపుస్థానము విడిచి వెడలు సైనికులు ఎల్లప్పుడును ఆయుధములతోనే వెడలుదురు, ఆ రాత్రియు అట్లే వెడలిరి, కాని 1996, 2005 ఒడంబడికలను అనుసరించి ఎదురుపడినపుడు తుపాకి పేల్చకుండుట చిరకాల ఆచారము అని ఆయన చెప్పిరి.

ఈ ఉత్తరము అందరికిని తృప్తి నీయలేదు. ఒడంబడికను ఎదుటివాడు మేకులు గొట్టిన దుడ్డుకఱ్ఱతో వ్రాయుచున్నపుడు మనమొక్కరమే దానిని గౌరవించుట ఎందులకని అడిగినవారు కలరు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. తరువాత సరిహద్దున సైన్యము పాటించు నియమములు మార్చబడినవని, అసాధారణ పరిస్థితులలో నిర్ణయము అచ్చటి నాయకునికే విడువబడినదని వార్తలు వచ్చినవి. 2020 సెప్టెంబరు 7న చుశూల్ ప్రాంతమున నలుబదియైదేండ్ల తర్వాత ఆ రేఖపై తుపాకి ధ్వని వినబడినది; అదృష్టవశమున ఎవరికిని హాని కలుగలేదు.

అయినను మరియొక వైపునుండి ఆలోచింపవలెను. చేతిలో కొయ్యకఱ్ఱ యున్నవాడు కఱ్ఱతో పోరాడుట వేరు. తుపాకి యుండియు, కన్నులయెదుట తనవారు కూలుచుండగా దానిని పేల్చక నిలుచుట వేరు. మొదటిది బలమునకు పరీక్ష. రెండవది మనస్సునకు పరీక్ష. ఆ రాత్రి ఒక్క గుండు పేలియుండినచో అది ఎచ్చట ఆగియుండెడిదో ఎవరును చెప్పజాలరు. అది మన తీరము వరకును, మన ఇండ్ల వరకును వచ్చియుండినను ఆశ్చర్యము లేదు. నేలను విడువరాదు, తుపాకి పేల్చరాదు. ఈ రెండు ఆజ్ఞల నడుమ మిగిలిన ఇరుకు త్రోవలో ఆయన తన శరీరమునే అడ్డముగా నిలిపిరి. పదాతి ధర్మము ఇంతకంటె కఠినముగా అరుదుగా పరీక్షింపబడియుండును.

ఇక ఆ పురస్కారము. మన దేశమున శౌర్యపతకములు రెండు తెగలు. శత్రువు నెదుట చూపిన శౌర్యమునకు పరమవీర, మహావీర, వీరచక్రములు. ఇతర సందర్భములలో చూపిన శౌర్యమునకు అశోక, కీర్తి, శౌర్యచక్రములు. మొదటి తెగను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15నుండి వర్తింపజేసిరి. గాల్వాన్‌లో జరిగినది ప్రకటింపబడిన యుద్ధము కాదు. అయినను ప్రభుత్వము యుద్ధకాలపు తెగలోని రెండవ గొప్ప పతకమునే ఆయనకిచ్చినది. యుద్ధమన్న పేరు పెట్టకపోయినను అది శత్రువు నెదుట జరిగిన పోరేయని దీనివలన స్పష్టమగుచున్నది. మహావీరచక్రము గుండ్రని వెండి పతకము. దానిపై అయిదు కొనల నక్షత్రము, నడుమ రాజచిహ్నము. పట్టీ సగము తెలుపు, సగము నారింజ వన్నె. 2021 గణతంత్ర దినోత్సవ సందర్భమున ఆ పురస్కారము ప్రకటింపబడినది. ఆ నవంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులనుండి ఆయన తల్లియు, భార్యయు దానిని అందుకొనిరి. కన్నతల్లి చేతిలో కుమారుని బదులు వెండి ముక్క నుంచినపుడు ఆ తల్లి శిరస్సు వంచకుండుట కూడ ఒక శౌర్యమే. దానికి పతక మింకను ఏర్పడలేదు.

ఆయన భౌతికకాయము 2020 జూన్ 18న సూర్యాపేట చెంత సైనిక లాంఛనములతో అగ్నికర్పింపబడినది. కరోనా వ్యాధి వ్యాపించిన దినములగుటచే జనులు గుమిగూడుటకు వీలులేని కాలమది. అయినను దారిపొడవున నిలిచి పూలు చల్లినవారికి లెక్కలేదు. తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు ధనసహాయము చేసి, భార్యకు డిప్యూటీ కలెక్టరు పదవి నిచ్చినది. 2021 జూన్ 15న, సరిగా సంవత్సరమునకు, సూర్యాపేటలో ఆయన విగ్రహము నిలిపిరి.

గాల్వాన్‌లో ఆ సంఘర్షణ జరిగినచోట 2020 జూలైలో ఇరు సైన్యములును వెనుకకు జరిగి నడుమ కొంత నేలను ఎవరును అడుగిడని చోటుగా విడిచినవి. మిగిలిన తావులలో చర్చలు ఏండ్ల తరబడి సాగినవి. డెప్సాంగ్, డెమ్‌చోక్ తావులలో గస్తీని గూర్చి 2024 అక్టోబరులో ఒక అంగీకారము కుదిరినది. అనగా ఒక్క రాత్రి పోరాటమున రేగినదానిని చల్లార్చుటకు నాలుగు సంవత్సరములకు మించి పట్టినది. సరిహద్దున శాంతి యనునది ఒకమారు నాటి మరచు చెట్టు కాదు. ప్రతిదినము నీరు పోయవలసిన మొక్క. ఆ నీరు పోయువాడు పదాతియే.

ష్యోక్ రహదారిపై 120వ నంబరు కాపుస్థానము వద్ద ఆ ఇరువదిమంది పేర ఒక స్మారకము వెలసినది. అచ్చటికి పోవు భాగ్యము మనలో బహు కొలదిమందికే కలుగును. కాని కోరుకొండ స్టేషను అందరికిని అందుబాటులోనే యున్నది. విశాఖనుండి ఆ దారిన పోవు తండ్రి తన బిడ్డకు కిటికీనుండి ఆ ఊరు చూపి, ఇచ్చట చదివినవాడొకడు తుపాకి పేల్చకుండ, వెనుదిరుగకుండ ఒక లోయను కాపాడెనని చెప్పినచో, కర్నల్ సంతోష్ బాబునకు మనము చేయగల నివాళి అంతకంటె వేరొకటి లేదు.